హైదరాబాద్ గుట్టలు, గుండ్లు, వాగులు ఇలా ఎలా తయారయ్యాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

గుట్టలు చూద్దామని మాతో నడకకు వచ్చేవాళ్లు, పిల్లల స్కూల్ ప్రాజెక్టు కోసం ఫోన్ చేసే తల్లిదండ్రులు, బోరు వేయించబోయేవాళ్లు అందరూ తిప్పి తిప్పి ఇవే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో టైప్ చేసే బదులు ఒకచోట రాసి పెడితే నయమనిపించింది. వరుసగా చదవనక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుంటే నేరుగా అక్కడికే వెళ్లండి.

## రాయి పుట్టుక

హైదరాబాద్ రాళ్లు ప్రపంచంలోకెల్లా పాతవని ఫార్వర్డ్ వచ్చింది. నిజమేనా?

పాతవే, కానీ అన్నిటికంటే పాతవి కావు. మన గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి పుట్టి 450 కోట్ల ఏళ్లు దాటింది కాబట్టి, భూమి వయసులో సగానికి పైగా ఈ రాయి చూసేసింది. హిమాలయాలు లేవడం మొదలై 5 కోట్ల ఏళ్లే. అయినా కెనడాలో 400 కోట్ల ఏళ్ల నాటి రాళ్లున్నాయి. అంతదాకా ఎందుకు, పక్కన కర్ణాటకలోనే 300 కోట్ల ఏళ్లు దాటినవి దొరుకుతాయి. ఆ ఫార్వర్డ్‌ను అక్కడే ఆపేయండి.

అంటే ఈ గుట్టలు 250 కోట్ల ఏళ్ల నుంచీ ఇలాగే ఉన్నాయా?

లేవు. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. రాయి వయసు వేరు, దాని రూపం వయసు వేరు. ఈ రాయి పుట్టింది నేలకు కిలోమీటర్ల లోతున. అప్పుడు దీని మీద ఇంకెంతో రాయి ఉండేది, ఈ గుట్ట గానీ ఈ గుండు గానీ లేవు. పైనున్నదంతా అరిగి కొట్టుకుపోయాకే ఇది వెలుగు చూసింది. ఖాజాగూడలోనో మౌలాలిలోనో మనం చూసే ఆకారాలు రాయి వయసుతో పోలిస్తే నిన్నమొన్నటివి. పైగా ఆ పని ఇంకా అవుతూనే ఉంది.

ఇవి అగ్నిపర్వతం కక్కిన రాళ్లా?

కావు. కరిగిన శిలాద్రవం బయటికి రాకుండా లోపలే, చాలా నిదానంగా చల్లారితే గ్రానైట్ అవుతుంది. నిదానంగా చల్లారినందుకే అందులో గింజలు కంటికి కనిపించేంత పెద్దవిగా పెరుగుతాయి. తాజాగా పగిలిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని ఎండలో తిప్పి చూడండి. గాజు పెంకులా మెరిసేది క్వార్ట్జ్. గులాబీ రంగులోనో తెల్లగానో మొద్దుగా ఉండేది ఫెల్డ్‌స్పార్. గోటితో లేపితే రేకులుగా ఊడే నల్లటిది అభ్రకం.

లావా రాయి చూడాలంటే పడమటికి, వికారాబాద్ వైపు వెళ్లాలి. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట, డైనోసార్లు అంతరించిన రోజుల్లో, పశ్చిమ భారతంలో చాలా భాగం మీద పొరలు పొరలుగా పరుచుకున్న లావా అంచు అక్కడిదాకా వచ్చి ఆగింది. అది నల్లగా, గింజ కనిపించనంత సన్నగా ఉంటుంది.

ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేదట కదా?

హైదరాబాద్ గ్రానైట్‌కు సముద్రంతో సంబంధం లేదు. ఆ మాట తాండూరుకు వర్తిస్తుంది. అక్కడి నాపరాయి కోట్ల ఏళ్ల కిందట లోతు తక్కువ సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి అయినది. మీ ఇంట్లో తాండూరు బండలో షాబాద్ బండలో పరిచి ఉంటే, రోజూ మీరు నడుస్తున్నది ఆ పాత సముద్రం అడుగు మీదే.

## పైకి తేలడం, పగలడం

అంత లోతున పుట్టిన రాయి పైకెలా వచ్చింది?

పైనున్నది పోవడం వల్ల. వాన, వాగులు కోట్ల ఏళ్లు పైరాయిని అరగదీసి తూర్పుకు మోసుకెళ్లాయి. మీద బరువు తగ్గేకొద్దీ కింది భూమి కొంచెం కొంచెం పైకి తేలుతుంది. తేలిన భాగం మళ్లీ అరుగుతుంది. ఒక్కసారిగా ఏదో తన్నుకుని పైకి లేచిన కథ కాదిది.

బండ మీద పలకలు పలకలుగా లేస్తుంటాయి, ఎందుకు?

లోతులో ఉన్నప్పుడు రాయి మీద విపరీతమైన ఒత్తిడి ఉంటుంది. పై బరువు పోయేసరికి రాయి కొద్దిగా వ్యాకోచిస్తుంది. అలా వ్యాకోచించడంలో పైతలానికి సమాంతరంగా పగుళ్లు పడతాయి. గుండ్రటి పెద్ద బండ మీద నడుస్తూ చెప్పు మడమతో అక్కడక్కడ తట్టి చూడండి. చాలాచోట్ల చప్పుడు మొద్దుగా ఉంటుంది, ఒకచోట మాత్రం డొల్లగా మోగుతుంది. అక్కడ పలక కిందినుంచి విడిపోయిందన్నమాట. అంచు దగ్గర వంగి చూస్తే చీకటి సందు కనిపిస్తుంది. అందులో తేళ్లు ఉంటాయి, చెయ్యి మాత్రం పెట్టకండి.

ఇదే పని పెద్ద ఎత్తున జరిగితే భువనగిరి కోట ఉన్న బండలాంటిది మిగులుతుంది. పలకలన్నీ ఊడిపోయి నున్నటి గుమ్మటంలా నిలబడింది.

పగటి ఎండకు కాలి, రాత్రి చల్లారి రాళ్లు పగులుతాయని స్కూల్లో చదివాం. అది తప్పా?

పూర్తిగా తప్పు కాదు, కానీ కథ అంత సులువు కాదు. 1936లో గ్రిగ్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గ్రానైట్ ముక్కను యంత్రంతో వేలసార్లు వేడి చేసి చల్లార్చాడు. 244 ఏళ్ల పగళ్లు, రాత్రులకు సరిపడా అలా చేసినా పొడి రాయిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. చల్లార్చేటప్పుడు నీళ్లు చల్లితే మాత్రం కొద్దికాలానికే రాయి మెరుపు పోయి, పగుళ్లు మొదలయ్యాయి. అయితే ఈమధ్య కాలిఫోర్నియాలోని యోసెమిటీ కొండల్లో పరికరాలు పెట్టి చూస్తే, అప్పటికే సగం విడిపోయిన పలకలు ఎండకు రోజూ తెరుచుకుని మూసుకుంటున్నట్టు తేలింది. నా లెక్కలో నీళ్లకు పెద్ద పీట, ఎండకు పక్కన చిన్న కుర్చీ. మన దగ్గర మే ఎండలు చూసినవాళ్లు ఈ మాట అంత తేలిగ్గా ఒప్పుకోరనుకోండి.

ఒకచోట చిన్న రాళ్ల కుప్ప, ఇంకోచోట ఒకే పెద్ద బండ. రాయి ఒకటే కదా, ఈ తేడా ఎందుకు?

పగుళ్ల మధ్య దూరం వల్ల. గ్రానైట్‌లో పగుళ్లు అడ్డంగా, నిలువుగా, ఒకదాన్నొకటి కోస్తూ పోతాయి. అవి దగ్గర దగ్గరగా ఉంటే రాయి చిన్న దిమ్మలుగా విడిపోతుంది. దూరదూరంగా ఉంటే ఒకటే బండగా మిగులుతుంది. హుస్సేన్‌సాగర్ మధ్యలో ఉన్న బుద్ధ విగ్రహం ఏకశిల, ఎత్తు 50 అడుగులకు పైనే. ఆ రాయి భువనగిరి దగ్గరి రాయగిరి నుంచి వచ్చింది. పగులు లేని అంత పెద్ద రాయి కోసం అంత దూరం పోవాల్సి వచ్చింది మరి.

## నేల లోపల జరిగే పని

రాళ్లు ఇంత గుండ్రంగా ఎలా అయ్యాయి? నది దొర్లించిందా?

నది కాదు. ఏ నదైనా ఇల్లంత గుండును దొర్లించుకుంటూ తెచ్చి గుట్ట నెత్తిన పెట్టదు. హిమనదాలు తెచ్చాయా అని కూడా అడుగుతారు. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట హిమనదాలు మోసుకొచ్చిన రాళ్లు గోదావరి లోయలో ఉన్నాయి గానీ, మన గుండ్లకూ వాటికీ సంబంధం లేదు.

ఇవి దొర్లినవి కావు, ఉన్నచోటే గుండ్రబడ్డవి. అదీ నేల పైన కాదు, లోపల. వాన నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా ఆమ్లంగా మారుతుంది. మట్టిలోకి దిగాక వేళ్లు వదిలే వాయువుతో ఆ ఆమ్లం ఇంకాస్త పెరుగుతుంది. ఆ నీళ్లు పగుళ్లలోకి చేరి ఏళ్ల తరబడి తడిగా కూర్చుంటాయి. ఫెల్డ్‌స్పార్ మెల్లగా తెల్లటి బంకమట్టిగా మారిపోతుంది. నల్ల అభ్రకం తడికి ఉబ్బి, చుట్టూ ఉన్న గింజలను విడదీస్తుంది. క్వార్ట్జ్ మాత్రం చెక్కుచెదరదు, ఇసుకై మిగులుతుంది.

ఇప్పుడు నాలుగు వైపులా పగుళ్లున్న ఒక చదరపు దిమ్మను ఊహించుకోండి. దాని ముఖం మీద నీళ్లు ఒక వైపు నుంచే పని చేస్తాయి. అంచు మీద రెండు వైపుల నుంచి, మూల మీద మూడు వైపుల నుంచి. అందుకే వానలో వదిలేసిన బెల్లం దిమ్మకు మూలలు ముందు కరిగినట్టు, రాతి దిమ్మకూ మూలలే ముందు పోతాయి. మధ్యలో గుండ్రటి గట్టి రాయి మిగులుతుంది. చుట్టూ ఉన్నదంతా మొరం.

నమ్మకం కుదరకపోతే గచ్చిబౌలి, కోకాపేట వైపు అపార్ట్‌మెంట్ సెల్లార్ కోసం తవ్విన గుంత పక్కన నిలబడి దాని గోడ చూడండి. పైన జానెడో మూరెడో ఎర్రమట్టి. దాని కింద పసుపు, గోధుమ రంగు మొరం. ఆ మొరంలో అక్కడక్కడ బయటి గాలి ఒక్కసారీ తగలని గుండ్లు, అప్పటికే గుండ్రంగా. కాస్త చూపు నిలిపితే పాత పగుళ్ల గీతలు కూడా మొరంలో గళ్లలా కనిపిస్తాయి. ఇంకా కిందికి పోతే గళ్లు బిగుసుకుని గట్టి బండ వస్తుంది. పాఠ్యపుస్తకంలో బొమ్మ కన్నా ఇది వంద రెట్లు మేలు. నాలుగు రోజుల్లో కాంక్రీటు కప్పేస్తారు కాబట్టి తొందరపడండి.

మొరం అంటే మట్టా, రాయా?

రెండింటికీ మధ్య. చూడ్డానికి రాయిలాగే ఉంటుంది, గింజలన్నీ ఉన్నచోటే ఉంటాయి. అరచేతిలో పెట్టుకుని నలిపితే మాత్రం పొడి అయిపోతుంది. ఆ పొడి కడిగితే తెల్లటి బురద నీళ్లతో పోయి, గరుకు ఇసుక చేతిలో మిగులుతుంది.

మా ఊళ్లో చెలక నేలలు ఎర్రగా ఉంటాయి, పల్లంలో నల్లమట్టి. రాయి ఒకటే అంటున్నారు, మరి మట్టి రంగు ఎందుకు మారింది?

మిట్ట మీద నీళ్లు నిలవవు. రాయిలోని ఇనుము గాలి తగిలి తుప్పు రంగుకు మారుతుంది, అందుకే చెలకలు ఎర్రన. సన్నటి బంకమట్టి, కరిగిన సున్నం లాంటివి వానకు కిందికి జారి పల్లంలో చేరతాయి. అక్కడ నీళ్లు నిలిచి నల్లటి జిగురు మట్టి తయారవుతుంది. వికారాబాద్, పరిగి దాటాక మైళ్ల కొద్దీ కనిపించే నల్లరేగడి వేరు. దానికి మూలం అక్కడి లావా రాయి.

## బయటపడ్డాక

ఒకదాని మీద ఒకటి ఇంత పొందికగా ఎవరు పేర్చారు?

ఎవరూ పేర్చలేదు. రాక్షసులూ కాదు, నవాబుల ఏనుగులూ కాదు. పై గుండు, కింది గుండు ఒకప్పుడు ఒకే రాయి, మధ్యలో అడ్డ పగులు. నేలలో ఉన్నప్పుడే రెండూ విడివిడిగా గుండ్రబడ్డాయి. తర్వాత చుట్టూ ఉన్న మొరం వానలకు కొట్టుకుపోయింది. సందులోని మెత్తటి పదార్థం కూడా పోయాక పైది కిందిదాని మీద కుదురుకుంది. పైనున్న గుండు ఎక్కడినుంచీ ఎక్కలేదు, దాని చోటులో అదుంది. నేలే కిందికి దిగిపోయింది.

అవి పడిపోవా? భూకంపం వస్తే?

మూడు మీటర్ల వ్యాసమున్న గుండు బరువు దాదాపు 37 టన్నులు. అంత బరువు సరిగ్గా ఆనుకున్న చోటు మీద పడుతుంటే గాలివానకు కదలదు. హైదరాబాద్ భూకంప ముప్పు తక్కువున్న ప్రాంతం. 2020 అక్టోబర్‌లో బోరబండలో శబ్దాలు వచ్చి, నేల సన్నగా అదిరినప్పుడు జనం రాత్రంతా టెన్షన్‌తో రోడ్ల మీదే ఉన్నారు. ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు వచ్చి పరికరాలు పెట్టారు. భారీ వానల తర్వాత నీళ్లు రాతి పగుళ్లలోకి దిగి ఒత్తిడి మారినప్పుడు ఇలాంటి చిన్న కదలికలు వస్తుంటాయి.

నిజంగా గుండు కదిలేది కింది మొరం జేసీబీతో తవ్వేసినప్పుడు. గుండ్ల కింద గోడ కట్టడానికి మట్టి తీసేచోట మాత్రం నిలబడకండి.

సెంట్రల్ యూనివర్సిటీలోని మష్రూమ్ రాక్‌ను గాలి చెక్కిందా?

ఎడారిలో గాలి ఇసుకను విసిరి రాయి పాదాన్ని కోయగలదు. ఇక్కడ అంత గాలీ లేదు, అంత ఇసుకా లేదు. ఇలాంటి చోట రాయి మొదలు చుట్టూ ఉండే తడి మట్టే ఎక్కువ పని చేస్తుంది. పైభాగం వాన ఆగిన గంటకే ఆరిపోతుంది, మొదలు వారాల తరబడి తడిగా ఉండి మెత్తబడుతుంది. మట్టి దిగిపోయాక సన్నటి మెడ బయటపడుతుంది.

ఏడాదికి ఎంత అరుగుతుంది?

కంటికి కనిపించదు. ప్రపంచంలో ఇలాంటి నగ్న గ్రానైట్ బండల మీద కొలిచిన లెక్కల ప్రకారం, అరుగుదల చాలాచోట్ల పది లక్షల ఏళ్లకు కొన్ని మీటర్లే. అంటే వెయ్యేళ్లకు కొన్ని మిల్లీమీటర్లు. క్వారీలో ఒక బ్లాస్టింగ్‌కు ఎంత పోతుందో మీరే లెక్క వేసుకోండి.

రావి చెట్టు వేరు రాయిని చీలుస్తుందా?

గట్టి రాయిని చీల్చలేదు. ఉన్న పగులును వెడల్పు చేస్తుంది, అందులో తడి నిలుపుతుంది. గుండ్ల సందుల్లో సీతాఫలం చెట్లు బతికేది కూడా ఆ తడి మీదే.

## వాగులు, చెరువులు

మూసీ ఇన్నేళ్లుగా పారుతోంది కదా, లోతైన లోయ ఎందుకు తవ్వలేదు?

వాలు తక్కువ, రాయి గట్టి. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి, తూర్పుకు పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దక్కన్ పీఠభూమి మొత్తం పడమట ఎత్తు, తూర్పున పల్లం. ఆ వాలు మెల్లటిది కాబట్టి నీళ్లకు కిందికి కోసే బలం తక్కువ. దానికి తోడు ఏడాదిలో చాలా నెలలు సహజ ప్రవాహం సన్నగానే ఉంటుంది. నదుల పనిలో ఎక్కువ భాగం వరద రోజుల్లోనే జరుగుతుంది.

1908 వరద లాంటిది నేల రూపాన్ని కూడా మారుస్తుందా?

మారుస్తుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఎగువన చెరువులు వరుసగా తెగడంతో నీటి ఉధృతి ఇంకా పెరిగింది. అలాంటి ఒక్క రోజు మామూలు ఏళ్లు ఎన్నో కలిసినా కదపలేనంత మట్టిని, రాళ్లను కదుపుతుంది. ఒడ్లు కోతకు గురవుతాయి, ఇసుక మేటలు కొత్తచోట పడతాయి.

ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరద అదుపు కోసం మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అప్పటినుంచి ఎగువ నుంచి వచ్చే పూడికలో చాలా భాగం ఆ రెండింటిలోనే ఆగుతోంది. నది చేసే పనిలో మనిషి అలా చెయ్యి పెట్టాడు.

హైదరాబాద్ చెరువులు సహజంగా ఏర్పడ్డవేనా?

చాలావరకు కట్టినవే. హుస్సేన్‌సాగర్ 1560లలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలం నాటిది. అయితే కట్టడానికి వీలైన చోటును ఇచ్చింది నేలే. గ్రానైట్ ప్రాంతంలో నేల మిట్టపల్లాలుగా, వెడల్పాటి చిన్న లోయలతో ఉంటుంది. రెండు గుట్టల మధ్య కట్ట పోస్తే చాలు, వెనక నీళ్లు నిలుస్తాయి. ఒక చెరువు మత్తడి దూకితే నీళ్లు కిందిచెరువుకు పోతాయి. ఆ దారిలో ఇల్లు కట్టుకున్నవాళ్లకు ప్రతి వానాకాలం నీళ్లు గుర్తు చేస్తూనే ఉంటాయి.

## ప్లాటు, బోరు

పక్కింటి బోరులో నీళ్లు పడ్డాయి, మాది 1,000 అడుగులు వేసినా దుమ్మే వచ్చింది. ఎందుకు?

గట్టి గ్రానైట్ నీళ్లు పీల్చదు. నీళ్లు ఉండేది పైనున్న మొరం పొరలో, దాని కింద పగుళ్లున్న రాతిలో. మహేశ్వరం దగ్గర ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన అధ్యయనాల్లో ఈ రెండు పొరలూ కలిపి కొన్ని పదుల మీటర్లే అని తేలింది. పక్కింటివాళ్ల బోరు ఒక మంచి పగులును తాకింది, మీది తాకలేదు. అంతకు మించి రహస్యం లేదు. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి కాబట్టి "ఇంకో 200 అడుగులు వేద్దాం సార్" అనే మాటకు తొందరపడి తల ఊపకండి. ఆ డబ్బుతో ఇంకుడు గుంత తవ్విస్తే మొరం పొరకైనా నీళ్లు అందుతాయి.

మా ప్లాటులో గుండు ఉంది. కింద బండ ఉన్నట్టేనా?

ఖాయంగా చెప్పలేం. పైకి కనిపించే గుండు మొరంలో విడిగా కూర్చున్నదై ఉండవచ్చు, కింది బండలో భాగమూ కావచ్చు. పునాది ఒక మూల గుండు మీద, ఇంకో మూల మొరం మీద పడితే ఇల్లు సమానంగా కుంగదు, గోడలు నెర్రెలిస్తాయి. అందుకని ఒకచోట కాకుండా నాలుగైదు చోట్ల పరీక్ష గుంతలు తీయించండి.

## చూడాలంటే

పిల్లలను తీసుకుని ఒక్క పూటలో ఇవన్నీ చూడాలి. ఎక్కడికి వెళ్లాలి?

నన్నడిగితే గోల్కొండ. కోట గోడల్లో కొన్నిచోట్ల గుండ్లనే గోడగా వాడుకున్నారు. మెట్లెక్కుతూ పోతే పలకలు విడిపోవడం, గుండ్రటి రాళ్లు, ఆనుకుని నిలబడ్డవి అన్నీ దారిలోనే కనిపిస్తాయి. పైన బాలాహిస్సార్ నుంచి చూస్తే చుట్టూ ఉన్న మిట్టపల్లాలు అర్థమవుతాయి. నున్నటి బండ గుమ్మటం కావాలంటే మౌలాలి. నీటి పక్కన గుండ్లు కావాలంటే దుర్గం చెరువు. 1996 నుంచి పనిచేస్తున్న సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు కూడా రాళ్ల నడకలు పెడుతుంటారు.

పొద్దున ఏడు లోపే వెళ్లండి. ఏటవాలు ఎండలో పగుళ్లు బాగా కనిపిస్తాయి, బండ కూడా కాలదు. వాన పడిన రోజు నాచున్న బండ ఎక్కొద్దు. పెద్దగా ఏమీ తీసుకెళ్లక్కర్లేదు. నీళ్ల సీసా, పాత చెప్పులకు బదులు గ్రిప్ ఉన్న బూట్లు, వీలైతే ఒక భూతద్దం చాలు.